రాణిని అనుమానించే ముందు చోటు చూడు

నాయనా సుధాకర్,

అనంతపురం నుంచి మామ రాస్తున్నా. తేనెటీగల పెట్టె ఎత్తితే బరువుగా ఉంది, ఎనిమిది ఫ్రేముల్లో ఎక్కడా గుడ్డు లేదు, రెండిట్లో మాత్రం మూత వేసిన పిల్ల (మైనం మూత కింద గడిలో పెరిగే పిల్ల ఈగ) ఉంది, రాణి చచ్చిపోయినట్టుంది, కొత్త రాణి యాడ దొరుకుతుంది అని అడిగినావు. రాణి మాట పక్కన పెట్టు. మూత పిల్ల ఉందంటే ఇరవై రోజుల లోపల రాణి అక్కడ గుడ్లు పెట్టిందనే లెక్క. నిజంగా పోయుంటే ఈగలు గమ్మున ఉండవు. తేనెపట్టు మీద చెనిక్కాయ బుడ్డ లాగా కిందికి వేలాడే రాణిగడులు, అంటే కొత్త రాణిని పెంచే గడులు, కడతాయి. అవి ఉన్నాయని నువ్వు రాయలేదు.

నీ రాణికి గుడ్డు పెట్టే చోటు లేదు. చోటును మింగింది నువ్వు మేతగా పోసిన చక్కెర పాకమే.

పిల్ల ఈగ బయటికొచ్చిన గడిని కూలి ఈగలు తుడిచి పెడితే రాణి వచ్చి గుడ్డు పెడుతుంది. అదే సమయానికి గిన్నెలో పాకం దండిగా ఉంటే, లోపలి ఈగలు దాన్ని ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ దించేస్తాయి. రాణి వచ్చేసరికి గడి నిండి ఉంటుంది. ఇట్లా రెండు మూడు వారాలు జరిగితే నడిమి ఫ్రేములన్నీ పాకం డబ్బాలైపోతాయి. పూత లేని రోజుల్లో పుట్టతేనె ఈగల పెట్టె ఒకదానికి వారానికి 200 గ్రాముల చక్కెర, అంతే తూకం నీళ్లు చాలు. నువ్వు పోసింది దానికి అయిదారింతలు. ఇంకొకటి, చక్కెరతో పెద్ద ఈగ బతుకుతుందే గానీ పిల్ల పెరగదు. దానికి పుప్పొడి కావాల. పెట్టె వాకిలి దగ్గర కూర్చుని చూడు, తిరిగొచ్చే ఈగల కాళ్లకు పుప్పొడి ముద్దలు లేకపోతే ఎంత పాకం పోసినా పిల్ల పెరగదు.

ఇప్పుడు చేయాల్సింది. ఈ రోజే గిన్నె తీసెయ్. ఎల్లుండి పొద్దున ఎనిమిదిన్నర లోపల, ఎండ ముదరకముందే తెరువు. పుట్టతేనె ఈగ పిరికిది, ఎక్కువ కదిపితే పెట్టె వదిలేసి లేచిపోతుంది. అందుకే పది నిమిషాల్లో పని ముగియాల. ఫ్రేమును నిలువుగానే పట్టుకో, పడుకోబెడితే కొత్త పట్టు ఊడి చేతిలోకొస్తుంది. పెట్టె మీదనే పట్టుకుని చూడు, రాణి జారినా లోపలే పడుతుంది.

పిల్ల ఉన్న రెండు ఫ్రేములను విడదీయొద్దు, పక్కపక్కనే నడుమ ఉంచు. పిల్ల లేకుండా పాకంతో బరువెక్కినవాటిని రెండు అంచులకు జరుపు. వాటిలో రెండింటిని పూర్తిగా బయటికి తీసి, ఆ చోట పిల్ల ఫ్రేములకు ఆనుకుని ఒక్కో పక్క ఒకటి చొప్పున ఖాళీ ఫ్రేము పెట్టు. కట్టిన పట్టు ఉంటే అదే మేలు. లేకపోతే పై కమ్మీకి అంగుళం వెడల్పు మైనం పట్టీ అతికించి పెట్టు. నా లెక్కలో ఎక్కువైన పాకానికి ఇదే మంచి దారి. మైనం చెయ్యాలంటే ఈగ దండిగా తీపి తినాల, నీ పాకం అట్లా పట్టుగా మారుతుంది. ఖాళీ ఫ్రేమును రెండు పిల్ల ఫ్రేముల మధ్యకు మాత్రం దూర్చొద్దు, రాత్రి చలికి ఒక పక్క పిల్ల దెబ్బతింటుంది.

పాకం గడుల మూతలు ఫోర్కుతో గీకి ఆ ఫ్రేమును అంచున పెడితే ఈగలు ఖాళీ చేస్తాయని చాలామంది చెబుతారు. చేస్తాయి, కానీ లోపల కొత్త పట్టు పని లేనప్పుడు గీకితే అదంతా మోసుకొచ్చి మళ్లీ నడుమనే దించుతాయి. ముందు మైనం పట్టీలు ఇచ్చి, వాటిని కట్టడం మొదలుపెట్టాక అరచేయంత చోటు గీకు. అదీ మాపటేల. పగలు గీకితే వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఒక చుక్క పాకం నేల మీద పడినా చీమలు వరుస కడతాయి, స్టాండు కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు ఎండకుండా చూసుకో.

బయటికి తీసిన రెండు ఫ్రేములను తేనె తీసే మిషన్లో తిప్పొచ్చు, మూత వేయని పురుగు ఒక్కటి కూడా లేదని రూఢి చేసుకున్నాకే. ఉంటే గిర్రున తిరిగి పురుగులన్నీ పాకంలో కలుస్తాయి. వచ్చిన పాకం పలుచన, తొందరగా పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపల అదే పెట్టెకు కొంచెం కొంచెంగా పోసెయ్. వేరే పెట్టెకు ఇయ్యొద్దు. పురుగు నీళ్ల తిత్తి లాగా ఉబ్బి, తల పైకి పెట్టుకుని చచ్చే రోగం 1991-92 నుంచి దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెలను ఊడ్చిపెట్టింది. ఫ్రేములు, పాకం మార్చుకుంటే అదీ మారుతుంది. తిప్పకుండా దాచాలనుకుంటే సంచిలో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టు. అట్లనే అటకెక్కిస్తే మైనపు పురుగు తినేస్తుంది.

ఆ పాకాన్ని తేనె అని సీసాకెత్తడం తప్పు, అక్క వాళ్లింటికైనా సరే. దాని రంగు నీళ్ల రంగే, పూల వాసన ఉండదు. అంగడికి పోతే చెరకు చక్కెర జాడ పరీక్షలో దొరికిపోతుంది. అందుకని ఇప్పుడే పాకం ఉన్న ఫ్రేముల పై కమ్మీకి సుద్దతో గీత గీయి. గీత ఉన్నది పై గదిలోకి, అంటే తేనె కోసం పెట్టె మీద పెట్టే గదిలోకి, ఎక్కకూడదు. కంది పూత ఇంకా నెల లోపలే ఉంది కదా, పై గది పూత మొదలై, కింద గడుల్లో కొత్త తేనె మెరిసినప్పుడు పెట్టు, ముందు కాదు. కింది గదిలో అంచున రెండు ఫ్రేముల నిల్వ ఎప్పుడూ ఈగలకే.

ఖాళీ పట్టు పెట్టినావంటే, నాలుగో నాడు అది ఒక్కటే తీసి చూడు. మైనం పట్టీ అయితే కట్టేదానికి ఇంకో మూడు రోజులు ఆగు. ఎండ నీ భుజం మీదుగా గడి అడుగున పడాల. గుడ్డు బియ్యపు నూక కన్నా సన్నం. గడి అడుగున నిలబడి ఉంటే ఈరోజుది, పడుకుని ఉంటే మూడు రోజులది. గడికి ఒకటే ఉందా, రెండు మూడు ఉన్నాయా అని కూడా చూడు. రెండు మూడు, అదీ గడి గోడలకు అంటి ఉంటే, అప్పుడు నిజంగా రాణి లేదు, కూలి ఈగలే పెడుతున్నాయి. ఏది కనపడితే అది రాయి, దాన్ని బట్టి తర్వాతది చెబుతా.

అక్కను అడిగినానని చెప్పు.

మీ మామ