బీరువాలో పెట్టిన మార్కర్లు

హన్మకొండ కుమార్‌పల్లి నుంచి, బ్లౌజులు కుట్టే ఒక అక్క రాశారు: “మా పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. రాత్రి ఒంటిగంట దాకా పెద్ద పెద్ద కళ్ళ జపాన్ బొమ్మలు, మాంగా అంట, గీసి ఆల్కహాల్ మార్కర్లతో రంగులు వేస్తుంది. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి. కోపమొచ్చి మార్కర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులైంది, సరిగా మాట్లాడటం లేదు. ఇది రేపు అన్నం పెడ్తదా?”

పెడుతుంది అక్కా. కాకపోతే రంగులు వేయడం ఒక్కటే వస్తే పెట్టదు, ఇది ముందే చెప్పేస్తున్నా.

మీరు పంపిన రెండు ఫొటోలు చాలాసేపు చూశాను. వానలో నిలబడ్డ రెండు జడల అమ్మాయి బొమ్మ ఉంది కదా, చెంప దగ్గర పెద్దగా చేసి చూడండి. ముందు ముఖమంతా లేత రంగు పరిచి, అది తడిగా ఉండగానే దవడ కింద, ముంగురుల కింద కాస్త ముదురు షేడ్ పెట్టి, మళ్ళీ ఆ లేత మార్కర్‌తోనే అంచును కలిపేసింది. రెండు రంగుల మధ్య గీతే కనబడదు. ఆ ఇంకులో ఉండే ఆల్కహాల్ సెకన్లలో ఆవిరైపోతుంది, మన దగ్గర ఎండాకాలం ఫ్యాన్ కిందైతే ఇంకా త్వరగా. రబ్బరుతో చెరపలేం, ముదురు రంగు పడ్డాక మళ్ళీ లేత చేయడం దాదాపు కుదరదు. పట్టుగుడ్డకు కత్తెర పెట్టే ముందు మీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ జాగ్రత్తే మీ పాప చేతిలోనూ ఉంది. ఆల్కహాల్ అనే పేరుకు భయపడకండి, ఘాటు వాసన వస్తుంది కాబట్టి కిటికీ తీసుకుని గీయమనండి.

ఇక లోపాలు. జుట్టు దగ్గర నల్ల గీత గులాబీ రంగులోకి పాకింది, ఔట్‌లైన్ మామూలు పెన్నుతో గీసినట్టుంది. మైక్రాన్ లాంటి పిగ్మెంట్ ఇంకు పెన్ను ఒకటి కొనివ్వండి, పూర్తిగా ఆరనిచ్చి రంగు వేస్తే పాకదు. ఇది చిన్న విషయం. పెద్ద విషయం ఏంటంటే రెండు బొమ్మల్లోనూ చేతులు కనబడవు. ఒకరివి జేబుల్లో, ఇంకొకరివి వీపు వెనక. రెండు ముఖాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఫోన్‌లో చూసి గీసే పిల్లలు చాలామంది కష్టమైనవి ఇలాగే దాచేస్తారు, తర్వాత డిజైన్ కాలేజీల ఎంట్రన్స్‌లో “బస్టాండ్‌లో జనాన్ని గీయండి” అంటే చెయ్యి కదలదు. కాబట్టి రోజూ అరగంట, పెన్సిల్‌తో మాత్రమే, మీ చేతులు గీయమనండి: సూదిలో దారం ఎక్కించేటప్పుడు, మిషన్ కింద గుడ్డ తోసేటప్పుడు. సెలవుల్లో పాలంపేట తీసుకెళ్ళి రామప్ప గుడి మదనికల (నాట్య భంగిమల్లో చెక్కిన స్త్రీ శిల్పాల) ముందు కూర్చోబెట్టండి, నడుము ఎటు వంగితే భుజం ఎటు లేస్తుందో ఆ రాళ్ళు నేర్పినంత బాగా యూట్యూబ్ నేర్పదు.

పాపకు కూడా ఒక మాట. జపాన్‌లో మాంగా పేజీలు ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే అచ్చవుతాయమ్మా, రంగులు ముఖచిత్రానికీ మొదటి కొన్ని పేజీలకే. ఇప్పుడు చాలామంది కంప్యూటర్‌లో, క్లిప్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నారు. అసలు పని గళ్ళల్లో కథ నడపడం. మన చేర్యాల నకాశీలు, అంటే అక్కడి సంప్రదాయ చిత్రకారులు, పొడవాటి గుడ్డ మీద గడి తర్వాత గడి కథ గీస్తే, కథ చెప్పేవాళ్ళు దాన్ని విప్పుకుంటూ చెప్పేవాళ్ళు. జనగామ మీదుగా వెళ్ళొచ్చు, ఒక్కసారి చూసిరా. తర్వాత మీ వీధిలో జరిగిన ఏదైనా సంగతిని ఆరు గళ్ళల్లో గీయి.

దారుల సంగతి. ఎంపీసీ ఆపించకండి, డిజైన్ ఎంట్రన్స్‌లకు ఏ గ్రూపైనా పర్వాలేదు, చదువుతున్నది వృథా కాదు. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీటుకు యూసీడ్ అనే ఎంట్రన్స్ రాయాలి. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు ముందు ఏడాది అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి, వరుసగా రెండేళ్ళు మాత్రమే రాయనిస్తారు. ఎన్‌ఐడీకి, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు, డాట్ అనే వేరే ఎంట్రన్స్ ఉంటుంది. ఇవి రెండూ గట్టి పోటీ. నా ఓటు మాత్రం హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూకి (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) కూడా దరఖాస్తు పెట్టుకోమని: నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ), అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ ఉన్నాయి, ప్రభుత్వ యూనివర్సిటీ. బయటికి వచ్చాక చేసే పని స్టోరీబోర్డు (సినిమా సీన్లను ముందే బొమ్మలుగా గీయడం), క్యారెక్టర్ డిజైన్, గేమ్ ఆర్ట్, పిల్లల పుస్తకాల బొమ్మలు. ఛోటా భీమ్ తయారయ్యేది హైదరాబాద్‌లోనే. మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి అబ్బాయితో పోల్చకండి. ఊళ్ళో బోర్డు పెట్టి లక్షల్లో ఫీజు అడిగే షార్ట్ టర్మ్ యానిమేషన్ కోర్సులో ఇప్పుడే చేర్చకండి, నా దగ్గరికి అలా చేరి ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లలున్నారు.

ఖర్చుకు టెన్షన్ పడొద్దు. కాపిక్ అనే జపాన్ మార్కర్ల బ్రాండ్‌లో 358 రంగులున్నాయి, ఒక్కోటి ఖరీదే; ఒహుహు లాంటి చౌక సెట్టు ఈ వయసుకు సరిపోతుంది. రంగుల కన్నా ముందు నున్నటి మార్కర్ పేపర్ కొనండి, అడుగున ఒక అట్ట పెడితే దుప్పటికి మరకలు కావు.

రాత్రి పదిన్నరకు లైటు ఆపాలని ఒప్పందం చేసుకుని, ఇవాళే బీరువా తాళం తీయండి. మార్కర్లను నిలబెట్టి ఉంచితే మాత్రం పడుకోబెట్టండి అక్కా, వాటికి రెండు వైపులా మొనలుంటాయి, నిలబెడితే ఇంకంతా కింది మొనకే దిగి పైది ఎండిపోతుంది.