కమ్యూనికేషన్స్ వదిలేసి ఏఐ వైపు వెళ్లాలా?

ప్రశ్న: కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మొబైల్ నెట్‌వర్క్‌లో రిసోర్స్ షెడ్యూలింగ్‌ను మెషిన్ లెర్నింగ్‌తో చేసే ప్రాజెక్టు తీసుకోమని మా గైడ్ అంటున్నారు. కమ్యూనికేషన్స్‌లో ఉద్యోగాలు లేవు, అది వదిలేసి ఏఐ కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ప్రాజెక్టు తీసుకోండి. కమ్యూనికేషన్స్ మాత్రం వదలకండి. ఈ ప్రాజెక్టులో మీకు విలువ తెచ్చేది అదే.

షెడ్యూలర్ అంటే టవర్ దగ్గరి బేస్ స్టేషన్‌లో ఏ ఫోన్‌కు ఎప్పుడు ఎంత ఫ్రీక్వెన్సీ ఇవ్వాలో తేల్చే భాగం. అది చేసే పని ఒకసారి చూడండి. మన దగ్గర 5జీలో ఎక్కువగా నడిచే అమరికలో ఒక స్లాట్ (పంపకం జరిగే సమయపు ముక్క) అర మిల్లీసెకను. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంటే పంచడానికి 273 రిసోర్స్ బ్లాకులు (ఫ్రీక్వెన్సీ ముక్కలు) ఉంటాయి. ఏ ఫోన్‌కు ఎన్ని బ్లాకులివ్వాలో ప్రతి స్లాట్‌కూ తేల్చాలి. సిగ్నల్ ఎలా ఉందో ఫోన్లు 0 నుంచి 15 వరకు ఒక అంకెతో చెబుతుంటాయి. సిగ్నల్ బాగున్నవాళ్లకే ఇస్తూ పోతే మొత్తం స్పీడు పెరుగుతుంది కానీ, సెల్ (ఒక బేస్ స్టేషన్ సిగ్నల్ అందే ప్రాంతం) అంచున ఉన్నవాళ్లకు ఏమీ మిగలదు. అందుకే 3జీ కాలం నుంచీ ప్రపోర్షనల్ ఫెయిర్ పద్ధతి వాడుతున్నారు: ఇప్పుడు రాగల స్పీడును ఇప్పటిదాకా సగటున అందిన స్పీడుతో భాగించి, ఎవరి విలువ ఎక్కువైతే వాళ్లకు ఇవ్వడం. ఒక్క భాగహారం, అంతే. దీన్ని న్యూరల్ నెట్‌వర్క్‌తో ఓడించడం చాలామంది అనుకున్నంత తేలిక కాదు. అర మిల్లీసెకనులో పెద్ద మోడల్ జవాబు చెప్పాలంటే హార్డ్‌వేర్ మీద పడే భారం చిన్నది కాదు.

మరి మెషిన్ లెర్నింగ్‌కు చోటెక్కడ? కాస్త నిదానంగా తీసుకునే నిర్ణయాల్లో. ట్రాఫిక్ ముందే అంచనా వేయడం, రద్దీ లేని వేళ కొన్ని సెల్స్‌ను నిద్రపుచ్చి కరెంటు ఆదా చేయడం, ఒక సెల్ మీది లోడును పక్క సెల్‌కు మళ్లించడం లాంటివి. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 18లో ఇలాంటివాటికే పెద్దపీట వేసింది. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా కట్టే ఓ-రాన్ నెట్‌వర్కుల్లో నియర్ రియల్‌టైమ్ రిక్ అనే కంట్రోలర్ 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను వ్యవధిలో పనిచేస్తుంది. అందులో నడిచే ఎక్స్‌యాప్‌లు అనే చిన్న ప్రోగ్రాములు షెడ్యూలర్ పాలసీని సర్దగలవు. మీలాంటివాళ్లు రాయాల్సిన కోడ్ ఇక్కడ చాలా ఉంది.

ప్రాజెక్టును చిన్నగా మొదలుపెట్టండి. పైథాన్‌లో ఒక సెల్, పది ఫోన్లు. ముందు రౌండ్ రాబిన్ (అందరికీ వంతులవారీగా ఇవ్వడం), తర్వాత ప్రపోర్షనల్ ఫెయిర్, ఆ తర్వాతే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (మంచి నిర్ణయానికి రివార్డు, అంటే మార్కులు ఇస్తూ మోడల్‌కు నేర్పడం). రివార్డుగా మొత్తం స్పీడు ఒక్కటే పెట్టి చూడండి. మోడల్ అంచున ఉన్న ఫోన్‌ను పూర్తిగా వదిలేసే అవకాశం ఎక్కువ. అలా జరిగితే ఆ గ్రాఫును దాచకండి, రిపోర్టులో పెట్టి కారణం రాయండి. ట్రెయినింగ్‌లో లేని ట్రాఫిక్ ఇచ్చి కూడా పరీక్షించండి. ఇంటర్వ్యూలో నేనైతే 'తొంభై శాతం అక్యురసీ' అనే మాట కన్నా ఈ రెండు విషయాలే అడుగుతాను. తర్వాత ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌కు వెళ్లండి, అది ఉచితం. బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా సీ, సీ++లోనే ఉంటుంది కాబట్టి ఆ భాషలు గట్టిగా రావాలి.

ఇక నాన్నగారి టెన్షన్ అర్థం లేనిదేమీ కాదు. అచ్చంగా ఈ పనికే ఉండే ఉద్యోగాలు తక్కువ. ఉన్నవి ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉంటాయి, చాలావాటికి ఎంటెక్ అడుగుతారు. అందుకే గేట్‌ను గట్టిగా తీసుకోండి. దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను (5జీ పరికరాలను పరీక్షించే ఏర్పాటును) కట్టిన సంస్థల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. వైసిగ్ నెట్‌వర్క్స్ అనే 5జీ కంపెనీ అక్కడి నుంచే పుట్టింది. ఒకవేళ ఈ దారి కుదరకపోయినా పైథాన్, సీ++, మెషిన్ లెర్నింగ్ మూడూ మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ పనికొస్తాయి. నాన్నగారికి ఈ మాట విడిగా చెప్పండి. ఫీజు కట్టి చేరే కోర్సును సెలవుల దాకా ఆపమనండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో వైర్‌లెస్ కమ్యూనికేషన్స్, మెషిన్ లెర్నింగ్ పాఠాలు ఉచితంగా వినవచ్చు, ముందు అవి పూర్తిచేయండి.