లైసెన్స్ తుపాకీ వివరాలు ఎవరడిగినా ఇచ్చేస్తారా? – సమాధానం

తమ్మీ, దేవరకొండ దగ్గర మీ నాన్నకున్న లైసెన్స్ తుపాకీ వివరాలన్నీ సమాచార హక్కు కింద లాగుతానని, గట్టు తగాదా ఉన్న పక్క పొలమాయన బెదిరిస్తున్నాడని రాశావు. అంత టెన్షన్ వద్దు.

పేరు, చిరునామా, తుపాకీ నంబరు సర్కారు దగ్గర ఉన్న మాట నిజమే. లైసెన్సుకు యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు వేసి జాతీయ డేటాబేస్‌లో ఎక్కిస్తారు, దాన్ని తప్పించుకోలేం. కానీ ఊళ్లోవాళ్లు తెరిచి చూసే రిజిస్టరు కాదది.

ఆయన దరఖాస్తు పెట్టాడే అనుకో. వివరాలు ఇవ్వాలనుకుంటే 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 11 కింద సమాచార అధికారి, దరఖాస్తు అందిన 5 రోజుల్లో మీ నాన్నకు రాతపూర్వక నోటీసు పంపాలి. అది అందిన 10 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వాలి. అదే చట్టం సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని, 8(1)(జి) కింద ప్రాణానికి ముప్పు అని రెండూ రాయించు. గట్టు గొడవ మీద పోలీసు ఫిర్యాదు ఉంటే జతచెయ్యి, రెండోదానికి అదే బలం. అయినా ఇస్తామంటే 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు. లైసెన్సులో పాత అడ్రస్ ఉంటే ముందు మార్పించు, నోటీసు అక్కడికే పోతుంది మరి.

నన్నడిగితే గుట్టు పోయేది ఆఫీసులో కాదు, జిరాక్స్ షాపులో. లైసెన్స్ పేజీ మిషన్ మీదే మరిచి వచ్చేవాళ్లు ఎందరో! ఎలక్షన్లప్పుడు తుపాకీ స్టేషన్‌లో జమ చేస్తే ఇచ్చే రసీదు కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దని నాన్నకు చెప్పు.