వరంలో విడిచిపెట్టిన ఒక్క మాట

చావు లేని బతుకు కోసం మనిషి వెతికే కథలన్నీ ఓటమితోనే ఎందుకు ముగుస్తాయని, వాటిని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. నా జవాబు కొంచెం పక్కదారిన నడుస్తుంది. ఈ కథలు నాకు చెప్పింది తెలుగు మాస్టారు కాదు, ఒక దస్తావేజు లేఖరి.

మా తాతయ్య కందుకూరులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి పంచలో కూర్చుని నలభై ఏళ్లకు పైగా దస్తావేజులు రాశారు. పగలు స్టాంపు కాగితాలు, రాత్రి భారతం. రెండింటినీ ఒకే కళ్లజోడుతో, ఒకే తీరున చదివేవారు: ఎవరు ఎవరికి ఏమి ఇస్తున్నారు, ఏ షరతు మీద, ఏది మినహాయించి. ఆయన రాతలో ప్రతి క్రయ దస్తావేజూ "మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వ హక్కులతో" అంటూ సాగేది. దాన పత్రమైతే "ఆచంద్రతారార్కము" అన్న మాట తప్పకుండా పడేది. చంద్రుడూ నక్షత్రాలూ సూర్యుడూ ఉన్నంత కాలం అని. పాత దానశాసనాల్లో రాళ్ల మీద, రాగిరేకుల మీద చెక్కించిన మాటే అది. డెబ్బై ఏళ్లు కూడా బతుకుతాడో లేడో తెలియని మనిషి, ఎకరం మెట్ట నేల ఇస్తూ ఆ మాట రాయించుకుంటాడు. అమరత్వపు కోరిక నాకు మొదట కనిపించింది అక్కడే.

హిరణ్యకశిపుడి వరాన్ని తాతయ్య దస్తావేజులాగే చదివించారు. పోతన భాగవతం సప్తమ స్కంధంలో అతడు బ్రహ్మను అడిగేది పెద్ద జాబితా. గాలిలో, నేల మీద, నిప్పులో, నీటిలో, ఆకాశంలో, దిక్కుల్లో, రాత్రి, పగలు, చీకటిలో, వెలుగులో, మృగాల వల్ల, పాముల వల్ల, దేవతల వల్ల, మనుషుల వల్ల, ఏ ఆయుధం వల్లా "మృత్యువు లేని జీవనము" ఇప్పించమంటాడు. తాతయ్య వేలు ఒక్కో మాట కింద ఆగుతూ వచ్చేది. చివర పుస్తకం మీద చెయ్యి ఆనించి, "అన్ని చేలూ రాయించుకున్నాడమ్మా. చేనుకూ చేనుకూ మధ్య గట్టు రాయించుకోలేదు" అన్నారు. పగటికీ రాత్రికీ మధ్య గట్టు సంధ్య. ఇంటికీ వాకిలికీ మధ్య గట్టు గడప. మనిషికీ మృగానికీ మధ్య గట్టు మీద నిలబడ్డవాడు నరసింహుడు.

మా వైపు ఎటు వెళ్లినా ఆ స్వామి కొండ ఒకటి ఉంటుంది: సింగరాయకొండ, పెంచలకోన, మాలకొండ. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. జనం తోపులాటలో కూడా అక్కడ గడప దాటేటప్పుడు నా కాలు ఒక్క క్షణం ఆగుతుంది. నృసింహపురాణం రాసిన ఎర్రనది మా పక్కనున్న గుడ్లూరే.

ఆ ఎర్రన చేతి మీదుగానే సావిత్రి కథ కూడా మనకు వచ్చింది. నన్నయ ఆపిన చోటి నుంచి అరణ్యపర్వం పూర్తి చేసింది ఆయనే కదా. మీరు ఒక్క కథతో మొదలుపెట్టాలంటే దీనితో మొదలుపెట్టండి. వ్యాసభారతంలో దీన్ని మాట మాటా పట్టి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. యముడు వరం ఇచ్చినప్పుడల్లా "ఇతడి ప్రాణం తప్ప" అని ముందే షరతు పెడతాడు. మామగారికి చూపు, తర్వాత ఆయన రాజ్యం, తన తండ్రికి నూరుగురు కొడుకులు, తనకు సత్యవంతుడి వల్ల నూరుగురు కొడుకులు. ఈ నాలుగింటికీ ఆ మినహాయింపు ఉంది. అయిదో వరం ఇచ్చేటప్పుడు యముడు దాన్ని విడిచిపెట్టాడు. సావిత్రి ఆ లోటు పట్టుకుంది. "ముందు వరాల్లో పెట్టిన మినహాయింపు ఈ వరానికి లేదు" అని ఆయనకే గుర్తుచేసి, సత్యవంతుడు బతకాలని అడిగింది. తాతయ్య ఆ చోట కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఇంకొకటి గమనించండి. సావిత్రి చావు లేకుండా చేయమనలేదు. యముడు సత్యవంతుడికి ఇచ్చింది నాలుగు వందల ఏళ్లు. గడువున్న పత్రం అది. ఈ కథల్లో గెలిచింది ఆమె.

కాబట్టి అన్నీ ఓటమి కథలు కావు. హద్దు లేనిది అడిగినవాళ్లకే మాట ఎక్కడో తప్పుతుంది. గ్రీకుల కథలో ఉషోదేవత ఈయోస్, తాను ప్రేమించిన తిథోనస్‌కు చావు రాకూడదని దేవతల రాజు జూస్‌ను అడిగింది. యౌవనం కూడా ఉండాలని అడగడం మరచింది. అతడు ముడుతలు పడి, కాళ్లూ చేతులూ కదలక, మూసిన గదిలో ఆగకుండా గొణుగుతూ మిగిలిపోయాడు.

ఇది చదివినప్పుడు మా నాయనమ్మే గుర్తుకొచ్చింది. తాతయ్య పోయిన తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. చూపు పోయింది. ప్రతి పొద్దునా మంచం పట్టె తడుముకుంటూ లేచి కూర్చుని, "నా చీటీ ఎక్కడ పోగొట్టాడో ఆ యముడు" అనేది. నేను తల దువ్వుతుంటే అంత మాట అనకు నాయనమ్మా అని వారించేదాన్ని. ఇప్పుడైతే వారించను. 1726లో అచ్చయిన జోనథన్ స్విఫ్ట్ ఇంగ్లీషు పుస్తకం గలివర్ యాత్రల్లో పుట్టుకతోనే చావు లేని మనుషులు కనిపిస్తారు. ఎనభై నిండగానే చట్టం వాళ్లను చనిపోయినట్టే లెక్కగడుతుంది. ఆస్తి వారసులకు పోతుంది. భూమి కొనకూడదు, పొలం హద్దుల తగవులో కూడా సాక్ష్యం చెప్పకూడదు. తాతయ్యకు ఈ భాగం చదివి వినిపించలేకపోయానని నాకు చాలా బాధ.

అశ్వత్థామ సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు వేల ఏళ్లు తోడు లేకుండా, పలకరించే మనిషి లేకుండా తిరగమనడం భారతంలో శాపం. ఆ సౌప్తికపర్వాన్ని తెలుగు చేసింది నెల్లూరి తిక్కనే.

ఇక గిల్గమేష్. పాత మెసపొటేమియా (నేటి ఇరాక్) కావ్యంలోని ఉరుక్ నగరపు రాజు. ఇతడిని ప్రయాణం కట్టించింది లోభం కాదు, దుఃఖం. స్నేహితుడు ఎంకిడు చనిపోతే, ముక్కులోంచి పురుగు రాలేదాకా ఏడు రాత్రులు శవాన్ని పూడ్చనివ్వలేదు. ఆ తర్వాతే తనూ ఇలాగే అవుతాడన్న భయం పట్టుకుంది. ముసలివాణ్ణి పడుచువాణ్ణి చేసే మొక్క దొరికింది. దారిలో మడుగులో స్నానానికి దిగితే పాము ఎత్తుకుపోయింది. కానీ ఆ కావ్యం మొదట్లోనే ఒక మాట ఉంది: దేవదారు పెట్టె తెరిచి, అందులోని నీలిరాతి పలక తీసి చదవమని. కోరింది దక్కని రాజు, తన కథను రాయించి పెట్టెలో పెట్టించాడు. దస్తావేజులు రాసే ఇంట్లో పుట్టినదాన్ని, అక్కడ చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

తాతయ్య చేయి వణకడం మొదలయ్యాక తన వీలునామా నా చేత రాయించారు. "నేను చనిపోయిన తరువాత" అని రాశాను. చూసి, "నా తదనంతరం అని రాయమ్మా" అన్నారు. కొట్టివేత ఉండకూడదని కొత్త కాగితం ఇచ్చారు. ఇంటికి నాలుగు హద్దులూ నోటితో చెప్పారు. పడమర హద్దుకు చెప్పిన పేరు, అప్పటికి ఇరవై ఏళ్ల కిందట పోయిన పొరుగాయనది. ఆయన లేరు కదా తాతయ్యా, కొడుకు పేరు రాయనా అన్నాను. "హద్దులో ఉన్నాడు. ఉండనీ" అన్నారు.

ఆ పడమటి స్థలం ఆ మధ్య చేతులు మారింది. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. దస్తావేజు కంప్యూటరులో అచ్చయింది. జిల్లా పేరు దగ్గర తాతయ్య మొదట్లో నెల్లూరు అని, 1970 తర్వాత మరో పేరు రాసిన చోట, 2022లో జిల్లాలు మారాక మళ్లీ నెల్లూరు అని ఉంది. కింద తూర్పు హద్దు దగ్గర తాతయ్య పేరు, గారి ఇల్లు అని ఉంది. పాత పత్రం చూసి ఎక్కించాము, మీ పేరుకు మార్చమంటారా అని లేఖరి అడిగాడు. వద్దని చెప్పి సంతకం పెట్టాను.