మ్యాచ్ చూసొచ్చిన మర్నాడు గొంతు పోతోంది, చెవి మోగుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. కస్టమర్ కేర్‌లో ఉద్యోగం. స్నేహితులతో కలిసి శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు అజీజ్‌నగర్ వెళ్తుంటాను. మా గుంపు ముప్పై నలభై మందికి మించదు. మ్యాచ్ అయ్యేదాకా డప్పు, హారన్, నినాదాలు. మర్నాడు పొద్దునకి గొంతు బొంగురుపోతుంది, రెండు మూడు రోజులు ఫోన్‌లో మాట్లాడలేను. ఈసారి కుడి చెవిలో గుయ్‌మనే మోత మర్నాటి సాయంత్రం దాకా ఉంది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను, మిరియాల పాలు తాగుతున్నాను, గుసగుసగానే మాట్లాడుతున్నాను. అయినా తేడా లేదు. గొంతు శాశ్వతంగా పాడవుతుందా?
- ఒక పాఠకుడు, లంగర్‌హౌజ్

జవాబు: పెద్ద స్టేడియంలో కన్నా చిన్న క్లబ్ మ్యాచ్‌లోనే గొంతు తొందరగా పోతుంది. పదివేల మంది అరుస్తున్నచోట మీరు కాసేపు ఊరుకున్నా ఎవరికీ తెలియదు. నలభై మందిలో పదిమంది ఆపితే నినాదం చల్లారిపోతుంది, అందుకని ఎవరూ ఆపరు. పైగా డప్పు మీ పక్కనే ఉంటుంది. ఆ మోతలో మీ గొంతు మీకే వినపడక, తెలియకుండానే ఇంకా పెంచుతారు. కాబట్టి అరుపును నలభై మందీ ఎలా పంచుకోవాలన్నదే మీ అసలు సమస్య. దానికి మందుల షాపులో ఏమీ దొరకదు.

మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు, అంటే వోకల్ కార్డ్స్, సెకనుకు 100 నుంచి 130 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరిచినప్పుడు ఆ లెక్కా పెరుగుతుంది, తగిలే దెబ్బా గట్టిదవుతుంది. అంచులు వాస్తాయి. వాచినవి సరిగా మూసుకోవు, మధ్యలోంచి గాలి పోతుంది, గొంతు బొంగురుగా వస్తుంది.

ఉప్పునీళ్లు అంత కిందికి చేరవు. చేరితే పొలమారుతుంది. గొంతు గరగరకు, నొప్పికి పుక్కిలించండి, బొంగురు తగ్గుతుందని మాత్రం ఎదురుచూడకండి. మిరియాల పాలూ అంతే, అవి వెళ్లే దారి వేరు. వచ్చే ఇబ్బందల్లా, మ్యాచ్ అయ్యాక రాత్రి పదకొండుకు బిర్యానీ తిని, పైన మిరియాల పాలు తాగి పడుకోవడంతోనే. కడుపులో ఆమ్లం పైకి ఎగదన్ని వాచిన తంత్రుల మీద పడుతుంది. పొద్దున లేవగానే బొంగురు మరీ ఎక్కువగా ఉండి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటే దీన్ని అనుమానించాలి. ఏడు గంటల మ్యాచ్ అయితే ఐదున్నర, ఆరుకల్లా తినేసి బయల్దేరండి. తిరిగొచ్చాక ఆకలేస్తే ఇడ్లీయో పెరుగన్నమో కొద్దిగా చాలు.

ఇక గుసగుస. అవతలివాళ్లకు వినపడేలా గుసగుసలాడాలంటే గొంతు కండరాలు బిగబట్టాల్సిందే, దాన్ని విశ్రాంతి అనలేం. అయితే పూర్తిగా మౌనం, లేదంటే నెమ్మదిగా మామూలు గొంతుతో రెండు ముక్కలు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా మానాలి. ఆ ఖళ్‌మన్న ప్రతిసారీ వాచిన అంచులు మళ్లీ కొట్టుకుంటాయి. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగండి.

మ్యాచ్ మర్నాడు వీలైనంత మౌనంగా ఉండండి. కాల్స్ బదులు ఒకటి రెండు రోజులు చాట్ లేదా మెయిల్ పని ఇమ్మని అడగండి, చాలాచోట్ల కుదురుతుంది. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి, ఒకేసారి లీటరు తాగితే లాభం లేదు. ఉత్త వేడినీళ్ల ఆవిరి ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు పట్టండి. బామ్ కలపొద్దు. గిన్నెను ఒళ్లో, మంచం మీద పెట్టుకోవద్దు, ఒలికి కాళ్లు కాలతాయి. ఘాటైన మెంథాల్ బిళ్లలు హాయిగా అనిపిస్తాయి గానీ కొందరికి గొంతు ఇంకా ఎండుతుంది. ఒళ్లునొప్పులుంటే పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు, తంత్రిలో సన్నని రక్తనాళం చిట్లి ఉంటే రక్తస్రావం పెరగొచ్చు. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్ మాత్రం ఆపకూడదు. ఇది అరుపుతో వచ్చిన వాపు కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవడం అసలు వద్దు.

రెండోరోజు నుంచి ఒక తేలికైన అభ్యాసం చేయొచ్చు. గ్లాసు నీళ్లలో స్ట్రాను రెండు సెంటీమీటర్ల లోతున ఉంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ ‘ఊ’ అని మెల్లగా శబ్దం చేయాలి. రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. నొప్పి వస్తే ఆపేయాలి. మ్యాచ్‌కు ముందూ, ఇంటికొచ్చాకా కూడా ఇది చేయొచ్చు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన ఊరిది. ఇక్కడ ఫుట్‌బాల్ మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు, పద్ధతి మార్చమంటున్నాను. నినాదం అందుకునేవాళ్లు పావుగంటకొకరు మారాలి. గుంపును రెండుగా చీల్చి ఒకరు అంటే ఇంకొకరు బదులివ్వండి, సగం అరుపు ఆదా. పిలుపుకీ పిలుపుకీ మధ్య చప్పట్లు పెట్టుకోండి. మైదానంలోకి అనుమతిస్తే చేతి మైకు తీసుకెళ్లండి, కానీ దాన్ని ముందువరస వాళ్ల చెవిలోకి తిప్పొద్దు. గోల్ పడ్డప్పుడు కీచుమని పైస్థాయిలో అరవడమే గొంతుకు ఎక్కువ చేటు, పొట్ట నిండా గాలి పీల్చి కింది స్థాయిలో అరవండి. హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలూ మౌనంగా ఉండి నీళ్లు తాగండి.

చాలామంది గొంతు చివరికి పోయేది మైదానంలో కూడా కాదు, మెహిదీపట్నం వైపు తిరిగొచ్చే కారులో. అప్పటికే వాచిన గొంతుతో, పెద్దగా పెట్టిన పాటల మీద నుంచి మ్యాచ్ కబుర్లు చెప్పుకుంటారు. పాటలైనా ఆపండి, కబుర్లైనా ఆపండి. బీరు తాగితే గొంతు నొప్పి తెలియక ఇంకా అరుస్తారు. తాగినవాళ్లు బండి తీయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

చెవి విషయం గొంతుకన్నా ముఖ్యం. గొంతు వాపు తగ్గుతుంది, లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని ఒక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర పావుగంటే. పక్కనే మోగే డప్పు, హారన్ దాన్ని సులువుగా దాటేస్తాయి. కుడి చెవే మోగిందంటే డప్పు ఆ పక్కన ఉండి ఉండొచ్చు. దాన్ని గుంపుకి ముందు, కనీసం మూడు మీటర్ల దూరంలో పెట్టించండి. వాయించేవాళ్లతో సహా అందరూ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలి. దూది చాలదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది పని చేయనట్టే. చెవిలో నూనె, వెల్లుల్లి రసం పోయొద్దు.

అరుస్తుండగా దారం తెగినట్టు గొంతు ఒక్కసారిగా పోతే రక్తనాళం చిట్లిందేమో చూడాలి. అప్పటినుంచే మాట పూర్తిగా ఆపి, మర్నాడే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అదే రోజు వెళ్లాలి, ఆ చికిత్స మొదటి రోజుల్లో మొదలైతేనే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఊపిరి ఆడకపోయినా, దగ్గులో రక్తం పడినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. బొంగురు మూడు వారాలు దాటితే, పొగతాగేవాళ్లకైతే అంతకన్నా ముందే, పరీక్ష తప్పదు.

మీకు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతోంది కాబట్టి శాశ్వతంగా పాడైనట్టు లేదు. అయితే పగలంతా ఫోన్‌లో మాట, పైగా తరచూ మ్యాచ్‌లు కలిస్తే తంత్రుల మీద నాడ్యూల్స్ అనే చిన్న కాయలు కట్టొచ్చు. వాటికి ముందు చేసేది వాయిస్ థెరపీ, ఆపరేషన్ అరుదు. ముక్కులోంచి సన్నని గొట్టంతో చేసే పరీక్ష కొన్ని నిమిషాల పని. మ్యాచ్ అయిన వారం తర్వాత, గొంతు మామూలుగా ఉన్నప్పుడు చేయించుకోండి. మర్నాడే వెళ్తే వాపు తప్ప ఇంకేమీ తెలియదు. అదే రోజు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, కూడా తీయించుకుని ఆ కాగితం దాచిపెట్టండి, ముందుముందు పోల్చి చూడటానికి పనికొస్తుంది.