ఒకే వేళకు రెండు క్లాసులు పడుతున్నాయి, ఇంట్లో మానేయమంటున్నారు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ లెక్కలు చదివాను. ఇంటి నుంచే అమెరికాలో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే టైము బుక్ చేసుకునేలా మా తమ్ముడు గూగుల్ క్యాలెండర్‌లో ఒక లింకు చేసి ఇచ్చాడు. ఈమధ్య మూడుసార్లు పరువు పోయింది. భీమవరంలో మా పిన్ని కూతురి పెళ్లి రోజున క్లాసులు బుక్ అయిపోయాయి. నవంబరులో ఒక శనివారం న్యూజెర్సీ పిల్లల గ్రూపు క్లాసు, హైదరాబాదు అబ్బాయి క్లాసు ఒకే టైముకు పడ్డాయి. మోకాలి ఆపరేషన్ అయిన మా అత్తయ్యను ఫిజియోథెరపీకి తీసుకెళ్లాల్సిన రోజున క్లాసు ఉండిపోయి వెళ్లలేకపోయాను. 'ఎప్పుడు చూసినా ఆ కంప్యూటరే' అంటారు అత్తయ్య. మావారికి రొయ్యల చెరువులు. మొన్న పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున నేను క్లాసులో ఉన్నానని 'మానేసేయ్, గొడవుండదు' అన్నారు. మానేయమంటారా?

జవాబు: మానేయాలా వద్దా అన్నది ఒక నెల పక్కన పెట్టండి. మీరు రాసిన మూడు సంగతుల్లో ఏదీ మీ చేతకానితనం వల్ల జరగలేదు. అత్తయ్యగారి కోపం వల్లా జరగలేదు. మూడింటికీ మూడు వేరువేరు కారణాలు ఉన్నాయి, మూడూ సరిదిద్దగలిగినవే. అసలు లోపం ఒకటే. మీ ఇంటి పనుల్లో ఒక్కటీ మీ క్యాలెండర్‌కు తెలియదు. దానికి తెలియని వేళంతా ఖాళీ వేళే, ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేస్తుంది. ఇంట్లో వాళ్లకేమో మీ క్లాసుల వేళలు తెలియవు.

ముందు పెళ్లి సంగతి. బహుశా మీరు పెళ్లిని 'ఆల్ డే' అని రాసుకుని ఉంటారు. రోజంతా అని రాస్తే రోజంతా ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అలా రాసినదాన్ని గూగుల్ క్యాలెండర్ మామూలుగా 'ఫ్రీ' అనే పెడుతుంది. పుట్టినరోజుల్లాంటివి గుర్తుకోసం రాసుకుంటారు కదా, వాటికోసం ఆ ఏర్పాటు. ఆ ఈవెంట్ తెరిచి 'ఫ్రీ' అన్నచోట నొక్కి 'బిజీ' చేస్తేనే బుకింగ్ ఆగుతుంది. ఔట్‌లుక్ వాడేవాళ్లకూ ఇదే తంటా.

పెళ్లికి ఇంకో చిక్కు ఉంది. మన శుభలేఖల్లో 'శనివారం రాత్రి 1:52 గంటలకు, తెల్లవారితే ఆదివారం' అని వేస్తారు. పంచాంగం లెక్కలో అది శనివారమే, క్యాలెండర్ లెక్కలో ఆదివారం. శనివారం ఒక్కటే ఆపుకుంటే, తెల్లవార్లూ పెళ్లి పందిట్లో కూర్చున్న మనిషికి ఆదివారం పొద్దున్నే 6 గంటల క్లాసు తయారుగా ఉంటుంది. కాబట్టి పెళ్లిళ్లను 'ఆల్ డే' పెట్టకండి. శనివారం మధ్యాహ్నం 2 నుంచి ఆదివారం మధ్యాహ్నం 12 దాకా ఒకటే ఈవెంట్‌గా, బయలుదేరే టైము, తిరిగొచ్చే టైము కలిపి రాయండి. శుభలేఖ చేతికొచ్చిన రోజే రాసేయాలి. బిజీ అని పెట్టడం కొత్త బుకింగులను ఆపుతుందే తప్ప, అప్పటికే అయినవాటిని రద్దు చేయదు. వాటిని మీరే చూసి మార్చుకోవాలి.

ఇక నవంబరు శనివారం. మన గడియారం ఏడాది పొడవునా ఒకటే. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. న్యూజెర్సీ వాళ్ల ఉదయం 9:30 మనకు వేసవిలో రాత్రి 7:00, నవంబరు నుంచి రాత్రి 8:00. గ్రూపు క్లాసుకు వాళ్లు పంపే ఇన్విటేషన్ వాళ్ల టైములో కట్టి ఉంటుంది గనుక మీ క్యాలెండర్‌లో అది దానంతటదే 8కి జరిగింది. అక్కడ అప్పటికే హైదరాబాదు అబ్బాయి ఉన్నాడు. ఎవరూ తప్పు చేయలేదు, రెండు క్లాసులూ మాత్రం ఢీకొన్నాయి.

టైము మార్చమని వాళ్లను అడగవచ్చు. అయితే ఆ పిల్లలకు శనివారం ఈత, సంగీతం లాంటివి వరసగా ఉంటాయి, ఒప్పుకోవడం కష్టం. దానికంటే శనివారం రాత్రి 7 నుంచి 9 దాకా రెండు గంటలూ ఏడాది పొడవునా ఆ గ్రూపుకే వదిలేయండి. బయటివాళ్లు బుక్ చేసుకునే వేళల్లో శనివారం ఆ రెండు గంటలూ ఉండకూడదు. వేసవిలో రెండో గంట, చలికాలంలో మొదటి గంట మీ ఇంటిది. హైదరాబాదు అబ్బాయిని ఆదివారానికి మార్చండి. సెట్టింగ్స్‌లో 'టైమ్ జోన్' దగ్గర రెండో టైమ్ జోన్ చూపించమనే గడి ఉంటుంది. అక్కడ న్యూయార్క్ పెట్టుకుంటే రెండు గడియారాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది కోల్‌కతా (మన దేశపు టైము) అని ఉందో లేదో ఆ చేత్తోనే చూసుకోండి.

పొద్దుటి క్లాసులకు రోజు కూడా మారుతుందని గుర్తుంచుకోండి. మనకు మంగళవారం ఉదయం 6 అంటే కాలిఫోర్నియాలో సోమవారం సాయంత్రం, వేసవిలో 5:30, చలికాలంలో 4:30. మీకు సోమవారం ఉదయం తెరిచి ఉంచితే అక్కడ అది ఆదివారం సాయంత్రం. ఆ పూట పిల్లలు సరిగా రారు. మంగళవారం నుంచి శనివారం దాకా ఉదయాలు తెరిచి, సోమవారం ఉదయం మీ ఇంటికి ఉంచుకోండి.

ఫిజియోథెరపీ సంగతి వేరు. అది ఏ క్యాలెండర్‌లోనూ లేదు. మీవారు క్లినిక్‌తో ఫోన్లో మాట్లాడి, అన్నం తింటూ మీకు చెప్పి ఉంటారు. నలభై నిమిషాల వ్యాయామానికి ఊరి నుంచి ఆటోలో వెళ్లి రావడం, అక్కడ వంతు కోసం కూర్చోవడం కలిపితే రెండున్నర గంటలు. క్లినిక్ వాళ్లను మిగిలిన వారాలన్నింటికీ ఒకే వేళ ఇమ్మని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 4 నుంచి 6:30 అని ఒక ఈవెంట్ రాసి, ప్రతివారం వచ్చేలా పెట్టి, 'యాడ్ గెస్ట్స్' దగ్గర మీవారి మెయిల్ ఇవ్వండి. ఆయన ఫోన్లోనూ అది కనిపిస్తుంది. దీన్ని మీ పేరు మీద ఉన్న ప్రధాన క్యాలెండర్‌లోనే రాయాలి. 'ఫ్యామిలీ' అని వేరే క్యాలెండర్‌లో రాస్తే చూడ్డానికి బాగుంటుంది గాని, ఉచిత ఖాతాలో బుకింగ్ పేజీ పట్టించుకునేది ప్రధాన క్యాలెండర్‌నే.

ఇప్పుడు బుకింగ్ పేజీ. కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిచి ఆ పేజీని నొక్కి పెన్సిల్ గుర్తు మీదకు వెళ్లండి. క్లాసు నిడివి 45 నిమిషాలు. వారం వేళల్లో మీరు నిజంగా ఇవ్వగలిగినవే ఉంచండి. ఉదయం 6 నుంచి 8, ఫిజియోథెరపీ లేని రోజుల్లో సాయంత్రం ఇంకో రెండు గంటలు చాలు. పేజీలో రోజంతా తెరిచిపెట్టి ఇంటి పనులతో మూసుకుంటూ పోతే ఎప్పుడో ఒకటి మరిచిపోతారు. తక్కువ తెరిచి, కావాలంటే పెంచుకోవడం మేలు.

తర్వాత 'షెడ్యూలింగ్ విండో', అంటే క్లాసుకు ఎంత ముందు నుంచి ఎంత ముందు దాకా బుక్ చేసుకోవచ్చో చెప్పే గడి. ముట్టుకోకపోతే ఇది సాధారణంగా 60 రోజుల ముందు నుంచి, 4 గంటల ముందు దాకా అని ఉంటుంది. మీ ఇంటికి రెండూ పనికిరావు. శుభలేఖ రెండు మూడు వారాల ముందే కదా చేతికొచ్చేది. అప్పటికి ఆ రోజు ఎప్పుడో బుక్ అయిపోయి ఉంటుంది. 21 రోజులు చేయండి. నాలుగు గంటల ముందు బుక్ చేసుకోనిస్తే మీరు నిద్రపోతుండగా తెల్లవారి క్లాసు వచ్చి కూర్చుంటుంది. 24 గంటలు చేయండి. దాని కింద 'బఫర్ టైమ్' 15 నిమిషాలు పెట్టండి, ఒక పిల్లవాడి సందేహం పది నిమిషాలు సాగినా తర్వాతివాడు ఎదురుచూడక్కర్లేదు. రోజుకు ఎక్కువలో ఎక్కువ నాలుగు బుకింగులు అని కూడా కట్టేయండి.

పండుగలకు అక్కడే తేదీ వేసి ఆ రోజు వేళలు తీసేసే వీలుంది. సంక్రాంతికి అమెరికా బడులకు సెలవు ఉండదు, తల్లిదండ్రులు మామూలుగానే బుక్ చేస్తారు. భోగి నుంచి కనుమ దాకా తీసేయండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊళ్లన్నీ కదిలే వేళ మీరొక్కరే గదిలో కూర్చుంటే ఆ మాట ఇంట్లో ఏడాదంతా వినబడుతుంది. పిల్లలతో వెళ్లి రావాల్సిన రోజు అది.

ఇదంతా అయ్యాక ఆ లింకును ఇన్‌కాగ్నిటో విండోలో, తల్లిదండ్రులు చూసినట్టు తెరిచి చూడండి. ఫిజియోథెరపీ వేళ గాని, శనివారం 7 గాని కనిపిస్తే ఎక్కడో 'ఫ్రీ' గాని, వారం వేళల్లో ఆ గంట గాని మిగిలిపోయిందన్నమాట.

క్యాలెండర్ సర్దుకున్నంత మాత్రాన అత్తయ్యగారి మనసు సర్దుకోదు. ఆమె ఫిర్యాదు క్లాసుల మీద అని నాకు అనిపించడం లేదు. మోకాలు నొప్పితో మంచం మీద ఉన్న మనిషికి, మూసిన తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియకపోతే ప్రతి నిమిషమూ బరువే. మంచినీళ్లకైనా పిలవాలా వద్దా అని తటపటాయించి, చివరికి కోపంగా పిలుస్తారు. ఆమెకు యాప్‌లతో పని లేదు. వంటింట్లో తిథుల క్యాలెండర్ పక్కన ఒక తెల్లకాగితం అంటించి, ఆ వారం క్లాసు వేళలు పెద్ద అక్షరాలతో రాయండి. ఆదివారం సాయంత్రం ఆమె దగ్గర కూర్చునే రాయండి. 21 రోజులు, 24 గంటలు అని పెట్టారు గనుక రాసింది పెద్దగా మారదు, మారితే వెంటనే దిద్దండి.

రాసేముందు అడగండి: "అత్తయ్యా, పొద్దున్న కాపడానికి, స్నానానికి ఏ వేళ నేను పక్కనుండాలి? ముందు మీ టైము రాద్దాం, ఆ తర్వాతే క్లాసులు." ఆమె 7 గంటలు అంటే 7 గంటల స్లాటు తీసేయండి. ఒక స్లాటు పోతుంది, నిజమే. కానీ మొదటి గడి తన పేరు మీద ఉన్న కాగితాన్ని ఆమే కాపాడుతారు. క్లాసులో ఉండగా ఏదైనా అవసరమైతే చిన్న గంట మోగించమనండి, పడిపోవడం, నొప్పి ఎక్కువవడం లాంటివైతే క్లాసు ఆపి వస్తానని మాటివ్వండి, ఆ మాట తప్పకండి.

మీవారు పట్టుబడి రోజున అన్న మాటను తుది మాటగా తీసుకోకండి. రాత్రంతా చెరువు గట్టు మీద ఉండి, లారీ వచ్చేదాకా రేటు నిలుస్తుందో లేదో తెలియని మనిషి అన్న మాట అది. పట్టుబడి అయి, డబ్బు చేతికొచ్చిన రెండు మూడు రోజులకు మాట్లాడండి. పట్టుబడి తేదీ ముందే చెప్పలేమంటారు, నిజమే. కానీ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గరపడిందని వల వేసి చూసినప్పుడే ఆయనకు తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ మోల్టింగ్‌లో (పెంకు విడిచేటప్పుడు) రొయ్య మెత్తబడుతుందని ఆ రోజులు చాలామంది తప్పిస్తారు కూడా. అంటే వారం అటూ ఇటూ ఒక అంచనా ఉంటుంది. "ఏవండీ, వల వేసిన రోజు నాకొక మాట చెప్పండి చాలు" అనండి. ఆ రోజే రాబోయే వారానికి రోజుకు రెండు క్లాసులకు తగ్గించండి, కొత్త బుకింగులకు 48 గంటలు చేయండి. కూలీలకు టిఫిన్లు, భోజనాలు ఎవరు చూస్తారన్నది కూడా అప్పుడే అనుకోండి. మీరే అన్నీ చేయాలన్న నియమం ఎక్కడా లేదు, ఆ రోజుకు వంటమనిషికిచ్చే కూలి మీ ఒక క్లాసు డబ్బులో వస్తుందేమో లెక్క చూడండి.

పట్టుబడి రేపే అని తెలిస్తే, ముందు ఆ వేళకు బిజీ అని ఈవెంట్ రాసి, ఆ తర్వాతే క్లాసు రద్దు చేయండి. తలకిందులుగా చేస్తే, రద్దైన స్లాటు మళ్లీ తెరుచుకుని ఇంకొకరు బుక్ చేసే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులకు వాట్సాప్‌లో కారణం రెండు వాక్యాల్లో రాసి, మారుగా రెండు వేళలు మీరే చూపండి.

ఆ శనివారం చిన్నబుచ్చుకున్న హైదరాబాదు అబ్బాయి తల్లికి ఇవాళే ఫోన్ చేయండి. అమెరికాలో గడియారం మారడం వల్ల పొరపాటు జరిగిందని, ఇకమీదట వాళ్లబ్బాయిది ఆదివారమని చెప్పి, ఒక క్లాసు డబ్బు తీసుకోకుండా చెప్పండి. నెల గడిచాక వంటింటి కాగితాలు నాలుగూ తీసి, ఎన్ని గొడవలు టైము వల్ల వచ్చాయో, ఎన్ని వేరే కారణాల వల్ల వచ్చాయో మీరూ మీవారూ కలిసి చూసి, మానేసే మాట అప్పుడు మాట్లాడుకోండి. టైముతో సంబంధం లేని గొడవలు ఇంకా మిగిలితే వాటి గురించి నాకు మళ్లీ రాయండి.