ఇండోనేషియా పెసంత్రెన్‌లలో దయాగుణం ఎలా నేర్పుతారు?

ఎక్కువగా హాస్టల్ జీవితంలోనే నేర్పుతారు. క్లాసులో చెప్పే పాఠం అందులో చిన్న భాగం. పెసంత్రెన్ అంటే అక్కడి ఇస్లామిక్ గురుకులం. జావాలో 'కియాయి' అని పిలిచే పెద్ద గురువు సాధారణంగా కుటుంబంతో ఆ ఆవరణలోనే ఉంటారు. ఆయన కోపతాపాలు, పనివాళ్లతో మాట్లాడే తీరు, ఇంటికొచ్చినవాళ్లను ఆదరించే పద్ధతి అన్నీ పిల్లల కళ్లముందే. చెప్పేదొకటి చేసేదొకటి అయితే ఇట్టే దొరికిపోతారు! ఈ దయాబోధనకు ఆధారంగా చెప్పేది, ప్రవక్తను సకల లోకాలకూ కారుణ్యంగా పంపామనే ఖురాన్ వాక్యం (21:107).

ఉదాహరణకు, చాలాచోట్ల నలుగురైదుగురు పిల్లలు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. గబగబా తినేవాడు పక్కవాడి వాటా కూడా చూసుకోవాలి. చివరి టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ) వేపుడు ముక్క ఎవరిదో వాళ్లే తేల్చుకోవాలి.

దయ అంటే క్రమశిక్షణ ఉండదనుకోవడం పొరపాటు. తెల్లవారుజామున నమాజుకు లేవకపోయినా, చెప్పకుండా గేటు దాటినా శిక్ష తప్పదు. ఆవరణ ఊడవడమో, అదనంగా కంఠస్థం చేయడమో చేయిస్తారు. అలాగని అన్నిచోట్లా ఆదర్శమేమీ కాదు: మత విద్యాసంస్థల్లో లైంగిక హింసను అరికట్టడానికి 2022లో అక్కడి మత వ్యవహారాల శాఖ ప్రత్యేక నిబంధనలు తేవాల్సి వచ్చింది.